లోపలికి తిరగని దారి

సీట్ల కొట్టు, కుట్టుమిషను పక్కనుంచి

అన్నయ్యకి తమ్ముడు నమస్కారాలతో రాసేది.

కవరు మీద నా కోడిగీతలు చూడగానే చించి పొయ్యిలో వేస్తావేమో. వేసేముందు ఒక్క ముక్క చదువు. మా అమ్మాయి పిచ్చుకకి పని దొరికింది అన్నయ్యా! నా కాలు నేల మీద నిలవడం లేదు. ఆ సంబరంలో నిన్న ఒక బస్సు సీటుకి రెక్సిను తిరగేసి కుట్టేశాను. డ్రైవరు వచ్చి, "ఏంటి బాబాయ్, లోపలి గుడ్డ బయటికొచ్చింది?" అన్నాడు. "నా లోపలి సంతోషమే బయటికొచ్చిందిరా" అన్నాను. విప్పి మళ్ళీ కుట్టాననుకో.

పిచ్చుక ఇన్నాళ్ళూ అచ్చాఫీసు వాళ్ళకి మందు సీసాల చీటీలు, సబ్బు పెట్టెల మీద పువ్వులు గీస్తూ వచ్చింది. మొన్న ఆ యజమాని ఏదో తొందర పని ఉండి మా ఇంటికే వచ్చాడు. దాని బల్ల మీద రంగుబుడ్ల కింద మన పాచికలాట పటం కనిపించింది. అదే, మన సగం పటం. బుడ్లు పక్కకి జరిపి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, ముక్కు ఆనించి మరీ చూశాడు. "ఎవరు గీశారిది?" అన్నాడు. అమ్మకి వాళ్ళ తాత ఇచ్చాడని తప్ప మనకేం తెలుసు! "ఇలాంటి బొమ్మలు ఇప్పుడెవరు వేస్తున్నారమ్మా? మొత్తం పటం మళ్ళీ గీసివ్వు. వానలు తగ్గేలోగా ఇస్తే అచ్చు వేస్తాను. పెట్టె మీద నీ పేరే ఉంటుంది" అన్నాడు. విన్నావా? పెట్టె మీద! ఈ మాట నేను పాలవాడికి చెప్పాను, ఎదురింటి వాళ్ళకి చెప్పాను, చెప్పులు కుట్టించుకోడానికి వెళ్ళి అక్కడా చెప్పాను. "ఇంక కాకులకి చెప్పడమే తరువాయి" అంటోంది మీ మరదలు.

ఇక అసలు సంగతి. మొత్తం పటం అన్నాడు కదా, మా దగ్గరున్నది సగమే. అమ్మ పోయాక సామాన్లు పంచుకున్న రోజు నీకు మాత్రం గుర్తుండదా? మంచాల దగ్గర రాని గొడవ, గిన్నెల దగ్గర రాని గొడవ, ఈ ఆట దగ్గర వచ్చింది. అమ్మ ఫోటో ఉన్నది ఒక్కటే. పెద్దవాడివి, ఫ్రేములు కట్టేవాడివి, నువ్వు ఉంచుకుంటే నేను కిమ్మనలేదు. పటం మాత్రం వదలనన్నాను. నువ్వూ వదలలేదు. మడత దగ్గరి గుడ్డని నా సీట్ల కత్తితోనే కోసేశాను. బయలుదేరే ద్వారం ఉన్న సగం నాకొచ్చింది, చేరాల్సిన ఇల్లున్న సగం నీకు పోయింది.

"నాకీ బొమ్మల మీద మోజేం లేదు, పాత సామాన్లవాడికి అమ్మేస్తా" అన్నావు ఆ రోజు. నిజంగా అమ్మేశావా? అమ్మకపోతే కొన్నాళ్ళు అప్పివ్వు. చేతులు కడుక్కుని ముట్టుకుంటాం.

నీ తమ్ముడు


ఫ్రేముల దుకాణం, మెట్ల కింద గది

తమ్ముడికి,

ఉత్తరం అందింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే "తిన్నావా" తప్ప మాట లేదు. ఇప్పుడు కాగితం రెండు వైపులా నిండిపోయింది. అన్నయ్య గుర్తొచ్చాడంటే పని పడిందన్నమాట.

పిచ్చుకకి పని దొరకడం సంతోషం. ఆ మాట దానితో చెప్పు.

పటం అమ్మలేదు. నా దగ్గరే ఉంది. ఇవ్వను. ఎవరినీ పంపకు, నువ్వూ రాకు. నీ చేతికి కత్తి దొరికితే ఏం చేస్తావో ఒకసారి చూశాను.

అంతగా కావాలంటే ఆడు. నీ పాచిక నువ్వక్కడ వెయ్యి, నాది నేనిక్కడ వేస్తా. పడింది పడినట్టు రాసుకుందాం. నాకు పడినవి కాగితం వెనకవైపు రాశాను. కాయ నా సగంలోకి వస్తే, ఆగిన గడిలో, దాటిన గళ్ళలో ఏ బొమ్మలున్నాయో చెప్తాను. నీ కూతురు అవి చదివి గీసుకుంటుంది. అయితే ఒక షరతు. నువ్వు పాచికని మోచేత్తో తోస్తావు, చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. నువ్వు వేసేటప్పుడు మరదలు పక్కనుండాలి. చూశానని ఉత్తరం కింద ఆవిడ సంతకం ఉండాలి.

అన్నయ్య


సీట్ల కొట్టు, ఆరుబయట స్టూలు మీద

ప్రియమైన అన్నయ్యా,

అమ్మలేదు! అమ్మలేదు! నీ ఉత్తరం చదివి ఒక్క కేక పెట్టాను. ఎదురుగా టీ తాగుతున్న మనిషి చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

సరే, ఆడదాం. సంతకం మాట చదివి మీ మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ అన్నయ్యకి మీ మీద ఎంత నమ్మకమో!" అంది. పెట్టింది, చూడు, కింద. నా పాచిక బ్రహ్మాండంగా పడుతోంది అన్నయ్యా. వంతెన దాటాను, కోసేసిన మడత దగ్గరికి వచ్చేశాను. నీ కాయ కూడా నువ్వు రాసినట్టే జరిపాను. అది నా వెనకే ఉంది, ఏమనుకోకు.

పిచ్చుక ఒక సంగతి కనిపెట్టింది. మనం అన్నేళ్ళు ఆడామా, ఏ గడి ముందుకు పంపుతుందో ఏది వెనక్కి లాగుతుందో అమ్మ చెబితే బట్టీ పట్టాం తప్ప ఎందుకో అడగలేదు. పటం మీద ఒక్క అక్షరం లేదు కదా. అది భూతద్దం పెట్టుకుని చూసి, "నాన్నా, వీళ్ళ ముఖాలు చూడు" అంది. దారి పోయే వైపు చూస్తున్నవాళ్ళు మనల్ని ముందుకు పంపుతారు. వచ్చిన వైపు తిరిగి చూస్తున్నవాళ్ళు వెనక్కి లాగుతారు. పూల బుట్ట మనిషి, గుర్రం, ఆఖరికి చేప కూడా! గీసినవాడు ఎవడోగాని వాడి చేతులకి మొక్కాలి. ఇంకోటి, నల్లగీతలు మాత్రమే అచ్చు వేసి, రంగులు తర్వాత చేత్తో అద్దారట. అందుకే బట్టలుతికే ఆవిడ పెదాల ఎరుపు బుగ్గ మీదికి జారింది. మనం చిన్నప్పుడు ఆవిడకి పంటినొప్పి అనుకునేవాళ్ళం!

నీ సగం నాకు లీలగా గుర్తు. దారి అంచు వెంట చుట్టూ తిరిగి, మూల దగ్గర లోపలికి మలుపు తిరుగుతుంది. తిరిగి తిరిగి నడిమధ్యన ఇంటికి చేరుతుంది. ఇంటి గేటు ముందు మాత్రం కుక్క ఉంది. మేక అనకు. అది కుక్కే, వెనక్కి చూస్తోంది, వెనక్కి పంపుతుంది.

నీ తమ్ముడు
(వేసేటప్పుడు చూశాను. మోచెయ్యి తగల్లేదు. మీ మరదలు)


ఫ్రేముల దుకాణం

తమ్ముడికి,

అది మేక. ముందుకే చూస్తోంది. ఆ మేక పుణ్యాన నేను ఎన్నిసార్లు ఇంట్లోకి వెళ్ళానో అమ్మకి తెలుసు.

సంతకం చూశాను. మరదలి చెయ్యి నిలకడగా ఉంది కాబట్టి నమ్ముతున్నాను.

నీ కాయ నా సగంలోకి వచ్చింది. స్టూలెక్కి, దుమ్ము తుడిచి చూసి రాస్తున్నా, పిచ్చుకకి సరిగ్గా చదివి వినిపించు. నువ్వేం కలపకు. మొదటి గడిలో పడవ. పడవవాడి ముఖం ముందుకే ఉంది గానీ తెడ్డు తప్పు చేతిలో ఉంది. నీళ్ళ నీలం వాడి మోకాళ్ళ దాకా కారింది. తర్వాత గొడుగు ముసలాయన, ముందుకే చూస్తున్నాడు. గొడుగుకి ఒక ఊచ విరిగింది. ఊచల మధ్య ఆకుపచ్చా పసుపూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, విరిగిన దగ్గర రెండూ కలిసి మట్టిరంగయ్యాయి. దాని పక్కన కోళ్ళ గంప మోస్తున్న ఆవిడ వెనక్కి చూస్తోంది. గంపలోంచి ఒక్క కోడి మాత్రం ముందుకు మెడ చాచింది. చిన్నప్పుడు ఇది మనం చూడలేదు. ఆవిడ వెనక్కి లాగితే కోడి ఒక గడి ముందుకు పంపాలా? దీనికి పిచ్చుక ఏమంటుందో కనుక్కో.

పైన ఎర్ర లాంతరు, తర్వాత అద్దంలో చూసుకుంటున్న మంగలి. వాడి ముఖం ముందుకి, అద్దంలో ముఖం వెనక్కి. ఇది గీసినవాడు కొంటెవాడురా. దుకాణంలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇక్కడ ఉన్నవన్నీ గాజు పలకలూ చెక్క ముక్కలే. పిలిచి చూపించడానికి ఎవరున్నారు?

అన్నయ్య


సీట్ల కొట్టు

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం ఇంట్లో అందరం వంతులేసుకుని చదివాం. అందరం అంటే ముగ్గురమే, మూడు వంతులూ నేనే చదివాను. ఆ కోడి మెడ దగ్గర పిచ్చుక చప్పట్లు కొట్టింది. "పెదనాన్న చెప్తుంటే గీయకుండానే బొమ్మ కనబడుతోంది" అంది. వెనక్కి లాగిన తర్వాత ఒక్క గడి ముందుకేనట, దాని తీర్పు అది.

దాని కాగితం మీద నీ సగం చుట్టూరా నిండిపోయింది. ఇక మలుపు తర్వాతవి చెప్పు. అవే కావాలి. యజమాని మనిషి అప్పుడే ఒకసారి వచ్చి అడిగి వెళ్ళాడు.

ఒక్క సందేహం అన్నయ్యా, ఏమనుకోకు. పటం చూడ్డానికి స్టూలెందుకు? బల్ల మీద పరుచుకుని చూడొచ్చుగా. ఇంకో చిన్నది. నువ్వు వేసిన లెక్కలో ఎంత పడినా మన కాయలు మలుపు దాకా వచ్చి అక్కడే కూలబడుతున్నాయి. చిత్రంగా లేదూ?

తమ్ముడు
(చూశాను. ఐదు పడింది. మరదలు)


ఫ్రేముల దుకాణం

తమ్ముడికి,

పటం అటక మీద ఉంది. అందుకే స్టూలు. నా దుకాణంలో నేను దేన్నెక్కితే నీకెందుకు?

నా కాయ మలుపు దాటబోయి గొడుగు ముసలాయన దగ్గర చిక్కింది. ఆయన వెనక్కి పంపేశాడు. నీ కాయనీ ఆయనే పంపాడు. ఇద్దరం మళ్ళీ పడవ దగ్గరున్నాం. పాచిక అలా పడితే నేనేం చేయను? లోపలి గళ్ళు కాయ చేరినప్పుడు చెప్తాను. ఆట అంటే ఆటే.

అన్నయ్య


సీట్ల కొట్టు

శ్రీ ఫ్రేముల దుకాణం యజమానిగారికి,

గొడుగు ముసలాయన ముందుకే చూస్తున్నాడని మీరే రాశారు. ఆ ఉత్తరం నా ఎదురుగా ఉంది. ముందుకు చూసేవాడు వెనక్కెలా పంపుతాడు? మలుపు దగ్గరున్న కాయ, ఎన్నో గళ్ళు వెనకున్న ఆయన గడిలోకి ఎలా ఎగిరింది? దానికి రెక్కలున్నాయా?

స్టూలెందుకని అడిగానంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎంత కోపం వచ్చింది మీకు! అప్పుడే అనుమానం వచ్చింది. మీ మరదలు మొదట నన్ను కసిరింది. రాత్రి అన్నం వడ్డిస్తూ ఆవిడే, "అటక మీద పెట్టినదానికి ఏనాడో చెద పట్టేది కదండీ" అంది. నేను చెప్పనా ఏం జరిగిందో? మీరు ఆ పటాన్ని అన్నంత పనీ చేసి అమ్మేశారు. చిన్నప్పుడు చూసిన నాలుగు బొమ్మలు గుర్తుంచుకుని మాకు కథలు చెప్తున్నారు. మీ బుర్రలో ఉన్నవి అయిపోయాయి, అందుకే కాయలు కదలడం లేదు.

అచ్చాఫీసు యజమాని పిచ్చుకతో, "సగం పటానికి పెట్టె చేయలేనమ్మా, వేరేవాళ్ళకి చెప్తా" అన్నాడు. అది ఏడవలేదు. రంగుబుడ్లకి మూతలు బిగించింది. ఆ చప్పుడు నేను వినలేకపోయాను. అమ్మేశానని మొదటి ఉత్తరంలోనే చెబితే సరిపోయేది కదా! దాన్ని ఆశపెట్టడం ఎందుకు?

ఇట్లు, సీట్లు కుట్టేవాడు


ఫ్రేముల దుకాణం

ఒరేయ్,

నన్ను అబద్ధాలకోరు అన్నావు. గారూ మీరూ అంటూ మరీ అన్నావు.

ఆదివారం దుకాణం మూసి ఉంటుంది. ఆ రోజు నీళ్ళు కాచి, గుడ్డ తడిపి, మెల్లిగా తీసి పంపుతాను. చిరిగితే చిరుగుతుంది. నాకు ఉన్నది ఒక్కటే, అదీ పోతే పోతుంది. బొమ్మలన్నీ పిచ్చుక చూసుకుంటుంది. కుక్కో మేకో నువ్వూ చూసుకో. తర్వాత మన మధ్య పంచుకోడానికి ఏమీ మిగలదు. ఉత్తరాలూ అక్కర్లేదు.

సామాను ముట్టినట్టు మాత్రం రాసి పంపు.


బస్సులో, డ్రైవరు వెనక సీటు. బండి కదులుతోంది, గీతలు వంకర

అన్నయ్యా, ఆగు! ముట్టుకోకు! నీళ్ళ గిన్నె దించెయ్!

నీ ఉత్తరం నిన్న వచ్చి ఎదురింటి వాళ్ళ దగ్గర ఉండిపోయి, ఇవాళ పొద్దున్నే నా చేతికి చేరింది. ఆదివారం ఇవాళే కదా! మొదట చంకలు గుద్దుకున్నాను. "చూశారా, పంపుతున్నాడు! ఉందన్నమాట!" అని మీ మరదల్ని గిరగిరా తిప్పబోయాను. పిచ్చుక మాత్రం రెండోసారి చదివింది. లేచి వెళ్ళి, నీ మాటల్ని బట్టి గీసిన కాగితం తెచ్చి నేల మీద పరిచింది. చుట్టూరా బొమ్మలు. పడవ, గొడుగు, కోళ్ళు, లాంతరు, మంగలి. నడుమ అంతా తెల్లగా ఖాళీ.

"నాన్నా, ఇది పటంలా లేదు. ఫోటో చుట్టూ కట్టే అంచులా ఉంది" అంది.

అప్పుడు వెలిగింది నాకు. స్టూలెక్కి చూసేది అటక మీద వస్తువుని కాదు, గోడ మీద వస్తువుని. అటక మీదిదాన్ని దించడానికి వేడినీళ్ళెందుకు? ఫ్రేములు కట్టేవాడు నీళ్ళు కాచి మెల్లిగా తీసేది అంటించినదాన్నే. నీకు ఉన్నది ఒక్కటే అన్నావు. మనిద్దరికీ ఉన్న ఆ ఒక్కటీ ఏమిటో నాకు తెలుసు అన్నయ్యా. అది తీసిన స్టూడియో కూడా ఇప్పుడు లేదు.

నువ్వు అబద్ధమాడావు, కాయల్ని లోపలికి పోనివ్వకుండా. మంచి పని చేశావు! నేనే గాడిదని, నిన్ను దొంగవన్నాను. అమ్మని తడి గుడ్డతో లాగి నా నోరు మూయిస్తావా?

పటం వద్దు. లోపలి గళ్ళు పిచ్చుకే కొత్తగా గీస్తుందట. ముఖాలు ఎటు చూడాలో తెలిసింది కదా, ఇక భయం లేదంటోంది. బుడ్ల మూతలు మళ్ళీ తీసింది. నేను మీ ఊరి బండి కోసం చూస్తున్న గంటలో, చుట్టూ గీసినదంతా పట్టుకుని యజమాని ఇంటికి తనే వెళ్ళొచ్చింది. "లోపలేముందో మీరే తేల్చుకోండి, పెట్టె నేను చేస్తా" అన్నాడట!

ఇది రాస్తూనే నేను మీ ఊరి బండిలో కూర్చున్నాను. కానీ మీ ఊరి బయట వంతెన దగ్గర బండ్లు బారులు తీరాయి. తిరగేసిన రెక్సిను సంగతి చెప్పానే, ఆ డ్రైవరే. అతని క్లీనరు సైకిలు అడిగి తీసుకుని ముందు వస్తున్నాడు, ఈ కాగితం అతని చేతికిస్తున్నాను. నేను గడపలోకి రానా వద్దా అన్నది నువ్వే చెప్పి పంపు. అప్పటిదాకా బస్టాండులో కూర్చుంటాను.

మన ఇల్లున్న గడి మీదే అమ్మని అంటించావన్నమాట. ఆ సంగతి తలుచుకుంటే నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. ఎవరి కాయయినా చేరేది అక్కడికేగా అన్నయ్యా!

నీ తమ్ముడు


ఫ్రేముల దుకాణం, వీధి గది

ఒరేయ్ గోలగాడా,

క్లీనరు రొప్పుతూ తలుపు బాదాడు. ఏ బిల్లు కోసమో అనుకుని విసుక్కున్నాను. అతనికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను.

ఫ్రేము దించేశాను. గాజు తీసేశాను. తడి గుడ్డ కింది మూల మీద వేసి ఉంది. గోరంత లేచింది, అంతే. మళ్ళీ జిగురు రాసి, మీద గాజు పలకల బరువు పెట్టాను. అమ్మకి ఏమీ కాలేదు. చీర అంచు దగ్గర చిన్న ముడత, నువ్వు చూస్తే తప్ప తెలియదు. నువ్వు చూస్తావు, నీ కళ్ళ సంగతి నాకు తెలుసు.

పంచుకున్న ఏడాది దుకాణం కొత్త. మందపాటి అట్ట కొనే స్తోమత లేక, అమ్మ ఫోటో వెనక అట్టగా నా సగం పటాన్నే వాడాను. పటం వెనక నూనెగుడ్డ ఉంది, దాని మీద జిగురు పట్టలేదు. బొమ్మల వైపే పట్టింది. అంటించి గోడకి పెట్టాక అమ్మ చుట్టూ పడవా కోళ్ళూ లాంతరూ వచ్చాయి. బాగుంది. వచ్చినవాళ్ళంతా "ఆ అంచు ఎక్కడ దొరికిందండీ, మాకూ అదే వెయ్యండి" అంటారు. నేను వాళ్ళ ఫోటో కొలత తీసుకుంటాను. అమ్మేస్తానని నీ ముఖం మీద అన్నవాణ్ణి, ఇలా గోడకెక్కించి చూసుకుంటున్నానని నీకెలా రాయను?

ఇప్పుడు ముఖ్యమైన విషయం. గోరంత లేచిందన్నానే, ఆ సందులో ఇంటి గేటు దగ్గరి గడి కనబడింది. లాంతరు పెట్టి చూశాను. తోక మాత్రమే కనిపించింది. కుక్క తోకయితే వంకరుండాలి కదా, ఇది తిన్నగా ఉంది. మేక తోకకి ఇంత పొడుగుండదు. తల అమ్మ కింద ఉండిపోయింది. ఆవిడ లేస్తేగాని తేలదు. లేపొద్దు.

బస్టాండులో ఆ బల్లలకి మేకులు లేచి ఉంటాయి, కూర్చోకు. నడిచి వచ్చెయ్. నీ సగం చంకలో పెట్టుకునే వచ్చి ఉంటావు, నువ్వంతే. గుడ్డా సూదీ తెచ్చావా? లేకపోతే ఇక్కడ కొందాం. అమ్మ కిందనుంచి నా సగం కదలదు, నీ సగాన్నే దాని పక్కకి తెచ్చి కుట్టాలి. ఫ్రేము రెండింతలది కడతాను, చెక్క ఇప్పటికే కోయడం మొదలుపెట్టాను. పిచ్చుకని వచ్చేవారం తీసుకురా. లోపల ఏం గీయాలో ఇద్దరం కొట్టుకుని మరీ చెబుదాం.

పాచిక జేబులో ఉంటే తీసి ఉంచు. కాయలు మలుపు దగ్గరున్నాయి. ముసలాయన వెనక్కి పంపలేదు, ఒప్పుకుంటున్నాను.

అన్నయ్య

మరిచిపోయాను. నువ్వు వేసేటప్పుడు మరదలి సంతకం ఇక అక్కర్లేదు.